గిన్నె బరువు

కాశీబుగ్గ డాక్టరమ్మ రాసిచ్చిన చార్టు
ఫ్రిజ్జు తలుపుకి టేపుతో అంటించాను.
పొద్దున ఓట్సు ఒక కప్పు, మధ్యాహ్నం అన్నం ఒక కప్పు,
సాయంత్రం నాలుగంటే నాలుగు జీడిపలుకులు.

నాలుగు!
ఇరవై రెండేళ్లుగా పలాస ఫ్యాక్టరీలో
గుండు ఒకపక్క, బద్ద ఒకపక్క, ముక్క ఇంకోపక్క
ఏరి ఏరి అరిగిన వేళ్లివి.
గుప్పెట పడితే గ్రాములు చెప్పగలను.
ఇంటికొచ్చి నాలుగు పలుకులు లెక్కపెట్టి
పళ్లెంలో వేసుకుంటే నాకే నవ్వొచ్చింది,
ఇదేటి తూకమని.

మొదటి వారమంతా కప్పు దగ్గరే గొడవ.
ఏ కప్పు? టీ తాగేదా, బియ్యం కొలిచే డబ్బానా,
మా గుంటడు కబడ్డీలో గెల్చుకొచ్చిందా?
ఓట్సేమో నోట్లో జిగురు,
గోడకి పోస్టరంటించే మైదాలా.
మూడోనాడు ఒగ్గీసి
చోడిపిండి కలిపి అంబలి కాశాను.
ఉల్లిపాయ కొరికి ఒక గుక్క తాగేసరికి
అమ్మ గుర్తొచ్చింది.
బియ్యం లేక తాగింది ఆవిడ.
బియ్యం ఎక్కువై తాగుతున్నాను నేను.
"మిల్లెట్సా, వెరీ గుడ్" అంది ఫోనులో డాక్టరమ్మ.
అమ్మకి ఆ మాట ఎవరూ చెప్పలేదు.

తొమ్మిదోరోజు తప్పాను.
ఆడబిడ్డ నీలవేణి మందస కోవా తెచ్చింది.
పగలంతా దాని వైపు చూడలేదు.
రాత్రి అందరూ పడుకున్నాక
ఫ్రిజ్జు తలుపు తీస్తే
చార్టు అటు తిరిగిపోయింది, చూడనట్టు.

తిన్నదల్లా పుస్తకంలో రాయాలన్నారు.
కోవా కూడా రాశాను, ఆరు బిళ్లలని.
నెల తిరిగాక వెనక్కి తిప్పి చదివితే
గుంటడు వదిలిన ఇడ్లీ ముక్క,
మావగారి పళ్లెంలో మిగిలిన పప్పన్నం,
గిన్నె అడుగున మాడు,
పారేస్తే పాపమని మింగిన నాలుగు ముద్దలు.
పేజీలకి పేజీలు ఇదే.
ఆకలేసి తిన్నానని
ఒక్కచోటా లేదు.

చార్టులో ఆఖరి గీత:
రాత్రి భోజనం ఏడున్నరలోపు.
మా ఇంట్లో నా భోజనానికి టైమంటూ ఉండేది కాదు,
అందరూ తిన్నాక, అదే టైము.
ఆరోజు ఏడుంపావుకి పీట వేసుకుని కూకున్నాను.
రెండు రొట్టెలు, ఆనపకాయ కూర, పెసరకట్టు.
మా ఆయన తవిటినాయుడు గుమ్మంలో ఆగిపోయాడు.
"ఏటైంది, ఒంట్లో బాగోలేదా?"
నేను ముందు తింటే
జబ్బే అయ్యుండాలి మరి.
కూర పొగలు కక్కుతోంది.
వేడి మీద ఆనపకాయ ఇంత తియ్యగా ఉంటుందని
నలభై ఏడో ఏట తెలిసింది.

నాలుగు నెలలకి ఎనభై ఒకటి కాస్తా డెబ్బై అయిదు.
అక్కడ అంకె మొండికేసింది.
నడవమంటే నడుస్తున్నాను స్టేషన్‌దాకా,
మోకాళ్లు తిడుతూనే ఉన్నాయి.
పక్క బల్ల మీద ఏరే దాలమ్మ అడిగింది:
"ఏటి మానీసినావే? అన్నమా?"
ఏం చెప్పాలో తోచక
పలుకులు ఏరుతూ కూర్చున్నాను.

సరుకు తూచేముందు
ఖాళీ గిన్నె పెట్టి కాటాని సున్నా చేస్తాం.
గిన్నె బరువు పలుకుల్లో కలిస్తే మోసం.
రోజుకి వందసార్లు ఆ పని చేసిన దాన్ని,
ఇన్నేళ్లూ ఇంట్లో వాళ్ల గిన్నెలన్నీ
నా ఒంట్లోనే పెట్టుకుని తూగాను.
తగ్గిన ఆరు కేజీల్లో నా కొవ్వెంత,
ఊళ్లోవాళ్ల ఎంగిలెంత,
ఏ కాటా విడదీసి చెప్పదు.

నిన్న రాత్రి గుంటడు సగం దోసె వదిలేసి లేచాడు.
చెయ్యి వెళ్లబోయింది, అలవాటు కదా.
ఆపి, చూస్తూ కూర్చున్నాను
అది చల్లారి అంచులు వంకర తిరిగేదాకా.
ఆ తర్వాత వీధి కుక్కకి వేశాను.

అది ఈమధ్య
కాస్త ఒళ్లు చేసింది.